నాలుగు రూపాయల పదమూడు పైసల వడ్డీ

మీ క్రెడిట్ కార్డుల గురించి మీరు రాసిన నాలుగు గొడవల్లో మూడింటికి రూలు మీవైపే ఉంది. నాలుగోదానికి, అంటే వడ్డీకి, లేదు. మీరేమో ఆ మూడూ పక్కనపెట్టి, నాలుగోదాని మీదే కోర్టుకెళ్తానంటున్నారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

చదివే మిగతావాళ్ల కోసం మీ సంగతి క్లుప్తంగా చెప్తాను. గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్లో గుమాస్తా. రెండు కార్డులు. మొదటి కార్డు మీద 60,000 బాకీ. ఏడాది పైగా మినిమం డ్యూ (బిల్లులో కట్టి తీరాల్సిన కనీస మొత్తం) మాత్రమే కడుతున్నారు, బాకీ కదలడం లేదు. దాని మీదే నెలనెలా 349 రూపాయల ఇన్సూరెన్స్ పడుతోంది, మీరెప్పుడూ అడగలేదు. మొన్నో నెల వారం రోజులు ఆలస్యమైతే రికవరీ వాడు మీకు కాకుండా మీ షావుకారుకి ఫోన్ చేశాడు. రెండో కార్డు మొత్తం కట్టేసి, మూసేయమని ఏప్రిల్ 4న మెయిల్ పెట్టారు. జూలై వచ్చినా మూయలేదు, పైగా వార్షిక ఫీజు వేశారు. చివర్లో అడిగారు: "అమెరికాలో 2009లోనే కార్డుదారుల కోసం చట్టం తెచ్చారట, మనకి దిక్కే లేదా? 42 శాతం వడ్డీ మీద వినియోగదారుల కోర్టులో వేస్తే గెలుస్తానా?"

నేను ఓ బ్యాంకులో ముప్పై రెండేళ్లు చేశాను. చివరి తొమ్మిదేళ్లు విజయవాడలో కార్డుల ఫిర్యాదులే చూసి 2019లో రిటైరయ్యాను. ఇప్పుడు సత్యనారాయణపురంలో ఉంటున్నా. ఇరుగుపొరుగువాళ్లు స్టేట్‌మెంట్లు పట్టుకుని వస్తుంటారు, కాఫీ ఇచ్చి చదివిపెడుతుంటాను. కౌంటరుకి రెండు వైపులా కూర్చున్నవాణ్ణి కాబట్టి రెండు వైపుల మాటా చెప్తాను.

ముందు ఆ వడ్డీ సంగతి. అది తేలితే గానీ మీ మనసు మిగతా వాటి మీదకి పోదు.

మన ఊళ్లలో వడ్డీని ఏడాది శాతాల్లో ఎవరూ చెప్పుకోరు. రెండు రూపాయల వడ్డీ అంటాం, అంటే నెలకు నూటికి రెండు. మూడు రూపాయలంటే "అమ్మో, ఎవడిస్తాడు" అంటాం. అదే మనిషి కార్డు మీద మూడున్నర రూపాయల, అంటే ఏడాదికి 42 శాతం వడ్డీకి నోరు మెదపకుండా సంతకం పెడతాడు. ఎందుకంటే ఆ కాగితంలో 3.5 శాతం అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, చెవికి "మూడున్నర రూపాయలు" అని వినపడదు. దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా కలపండి. నాలుగు రూపాయల పదమూడు పైసలు అవుతుంది. మీ షావుకారు రైతుకి ఈ లెక్కన అప్పిస్తే యార్డంతా ఏమనుకుంటుందో మీకే తెలుసు.

మరి దీన్ని ఆపే చట్టం ఉందా? లేదు. ఒకప్పుడు ఉన్నట్టే అనిపించింది. 30 శాతం దాటి వడ్డీ వసూలు చేయడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అని 2008 జూలైలో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పిచ్చింది. బ్యాంకులు సుప్రీంకోర్టుకి వెళ్లాయి, అక్కడ స్టే వచ్చింది. కేసు పదిహేనేళ్ల పైగా నలిగి, చివరికి 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. వడ్డీ ఎంత ఉండాలన్నది రిజర్వు బ్యాంకు చూసుకోవాల్సిన విషయమని, ఇద్దరూ ఒప్పుకున్న షరతుల్ని కమిషన్ తిరగరాయలేదని చెప్పింది. పైగా బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో 21ఎ అని ఒక సెక్షన్ ఉంది. వడ్డీ ఎక్కువ వేశారన్న ఒక్క కారణంతో బ్యాంకు లెక్కని కోర్టు తిరగదోడకూడదని అది అంటుంది. రిజర్వు బ్యాంకు రూలు కూడా వడ్డీ మితిమీరకూడదు అంటుందే గానీ, ఇంతకి మించకూడదని అంకె చెప్పదు. కాబట్టి కేవలం 42 శాతం అన్నదాని మీద మీరు కేసు వేస్తే ప్లీడరు ఫీజు దండగ. కఠినంగా ఉన్నా ఉన్న మాట అదే.

అమెరికా చట్టం మీద కూడా ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2009 మేలో ఒబామా సంతకం పెట్టిన ఆ చట్టంలో కూడా వడ్డీకి గరిష్ఠ పరిమితి లేదు. 10 శాతం మించకూడదని 2025లో ఇద్దరు సెనేటర్లు బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. 2009 చట్టంలో ఉన్నవి వేరే. రేటు పెంచాలంటే 45 రోజుల ముందు చెప్పాలి. గడువుకి కనీసం 21 రోజుల ముందు బిల్లు పంపాలి. మినిమం కన్నా ఎక్కువ కడితే ఆ ఎక్కువ మొత్తాన్ని, ఎక్కువ వడ్డీ ఉన్న బాకీకే ముందు జమ చేయాలి. 21 ఏళ్ల లోపు పిల్లలకి సొంత ఆదాయమో, పూచీ ఉండే పెద్దో లేకుండా కార్డు ఇవ్వకూడదు. ఇంకొకటుంది, నాకు మహా ఇష్టమైనది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మన దగ్గర పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం లేని మాట నిజం. కానీ దిక్కు లేదనడం తప్పు. 2022 ఏప్రిల్ 21న రిజర్వు బ్యాంకు కార్డుల మీద ఒక మాస్టర్ డైరెక్షన్ ఇచ్చింది. చాలా భాగం ఆ ఏడాది జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది, 2024 మార్చిలో కొన్ని మార్పులూ చేశారు, 2025 నవంబరులో ఆ రూళ్లనే కొత్త డైరెక్షన్లుగా తిరిగి ఇచ్చారు. చట్టం ఇచ్చిన అధికారంతో జారీ చేసింది కాబట్టి బ్యాంకులు పాటించి తీరాలి. పేరు చూసి ఏదో ఆఫీసు సర్క్యులర్ అనుకోకండి. మీ మూడు గొడవలకీ మందు అందులోనే ఉంది.

రెండో కార్డుతో మొదలుపెడతాను, డబ్బు అక్కడుంది కాబట్టి.

కార్డు మూసేయమని అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలి. మూయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకీ 500 రూపాయలు కార్డుదారుడికి ఇవ్వాలి. పనిదినాలు కాదు, క్యాలెండరు రోజులు. మీరు ఏప్రిల్ 4న మెయిల్ పెట్టారు. ఆదివారాలు, పండగలు, రెండో శనివారం అన్నీ తీసేసి ఉదారంగా ఏప్రిల్ 20 దాకా వాళ్లకే వదిలేద్దాం. ఏప్రిల్ 21 నుంచి ఈరోజు, జూలై 9 దాకా 80 రోజులు. అంటే 40,000 రూపాయలు! మీరేమో 590 రూపాయల వార్షిక ఫీజు వెనక్కి రాదేమోనని బాధపడుతున్నారు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. బాకీ ఏమీ లేకపోతేనే ఆ 500. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా మావాళ్లు ఇలాంటి చోటే పట్టుకునేవాళ్లు. స్టేట్‌మెంటు తయారైన రోజుకీ, మీరు డబ్బు కట్టిన రోజుకీ మధ్య నాలుగైదు రోజుల వడ్డీ ఉంటుంది చూశారూ, అది తర్వాతి నెల బిల్లులో ముప్పయ్యో నలభయ్యో రూపాయలుగా తేలుతుంది. ముందు నెలల్లో బాకీ మోస్తూ వచ్చిన కార్డుకి ఇది దాదాపు తప్పదు. మీరు మొత్తం కట్టేశాననుకుంటారు, కంప్యూటరు ఇంకా 38 రూపాయలు ఉందంటుంది, మూయదు. అందుకని ముందు ఏప్రిల్, మే స్టేట్‌మెంట్లు రెండూ తీయండి. మీరు మెయిల్ పెట్టిన రోజుకి బాకీ సున్నా ఉందో లేదో చూడండి. సున్నా ఉంటే మీ 80 రోజులు గట్టివి. లేకపోతే ఆ 38 ఈరోజే కట్టి, మళ్లీ మెయిల్ పెట్టి, కొత్తగా ఏడు రోజులు లెక్కపెట్టండి. మూసేయమన్న తర్వాత వేసిన వార్షిక ఫీజుని మాత్రం బాకీగా ఒప్పుకోకండి. ఆ ఒక్క మాట మీద గట్టిగా నిలబడాలి.

పోస్టులో కాగితం పంపితేనే మూస్తాం అని ఎవరైనా అన్నా వినకండి. మెయిల్, యాప్, నెట్ బ్యాంకింగ్, హెల్ప్‌లైను ఇలాంటి దారులన్నీ వాళ్లే పెట్టాలి, పోస్టే కావాలని పట్టుబట్టకూడదు. అది కూడా ఆ రూల్లోనే ఉంది.

ఈ సందర్భంలో మా వీధిలో ఒక రిటైర్డ్ టీచరమ్మ గుర్తొచ్చారు. 2023లో ఓ సాయంత్రం ఒక కవరు పట్టుకొచ్చారు. కవరు బోర్లిస్తే టీపాయ్ మీద కార్డు ముక్కలు ఎనిమిది. చిప్పుని కూడా కత్తెరతో నిలువునా కోసేశారు. "ఎప్పుడో కత్తిరించేశాను కదండీ అన్నయ్యగారూ, ఇంకా బిల్లెందుకొస్తుంది?" అని అడిగారు. ఆవిడ లెక్కలో కార్డు చచ్చిపోయింది. బ్యాంకు లెక్కలో మాత్రం అది నిక్షేపంగా బతికే ఉంది. వార్షిక ఫీజు, దాని మీద లేటు ఫీజు, వడ్డీ, జీఎస్టీ అన్నీ తింటూ లావెక్కుతోంది. కార్డుని కోయడం వేరు, ఖాతాని మూయడం వేరు. ఆవిడ మూసేయమని ఎప్పుడూ అడగలేదు కాబట్టి రోజుకి 500 రాలేదు. కానీ ఏడాదికి మించి వాడని కార్డుని, ముందు కబురుపెట్టి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకే మూసే పని చూడాలన్నది కూడా ఆ రూల్లో ఉంది. దాన్ని పట్టుకుని రాస్తే వేసిన ఫీజులన్నీ వెనక్కి తీసుకున్నారు. ముక్కల్ని మాత్రం ఆవిడ మళ్లీ జాగ్రత్తగా కవర్లో పెట్టుకుని తీసుకెళ్లారు, దేనికో నాకిప్పటికీ తెలీదు.

ఇక 349 రూపాయల ఇన్సూరెన్స్. కార్డుతో పాటు ఇన్సూరెన్స్ అంటగట్టాలంటే రాతపూర్వకంగానో, డిజిటల్‌గానో మీ స్పష్టమైన అనుమతి ఉండాలి, నామినీ వివరాలు కూడా తీసుకోవాలి. "మీ నామినీ ఎవరని రాసుకున్నారో చెప్పండి" అని ఒక్క ప్రశ్న అడిగి చూడండి. నిజంగా మీరు అడిగి తీసుకున్న పాలసీ అయితే పేరు చెప్తారు. లేకపోతే గొంతు సవరించుకుంటారు. ఫోన్లో ఎవరో అమ్మాయి గబగబా చదువుతుంటే మీరు "ఆ, ఆ" అన్నారేమో, అది కూడా గుర్తుతెచ్చుకోండి. రికార్డింగు ఉందంటే ఆ రికార్డింగే పంపమనండి.

రికవరీ ఫోన్ సంగతి నాకు కాస్త మంట పుట్టించింది. 2015 డిసెంబర్లో బెజవాడలో కాల్‌మనీ అనే అధిక వడ్డీ అప్పుల వ్యవహారం బయటపడ్డప్పుడు ఊరంతా ఛీ అంది. అప్పిచ్చినవాడు ఇంటి మీదకొచ్చి పరువు తీయడమే కదా అందులో సగం దుర్మార్గం! టై కట్టుకున్న బ్యాంకు తరఫున ఫోన్లో అదే పని చేస్తే పద్ధతైపోతుందా? రూలు స్పష్టంగానే ఉంది. నలుగురిలో తలవంపులు చేయకూడదు, కుటుంబసభ్యుల్ని, రిఫరెన్సుగా ఇచ్చినవాళ్లని, స్నేహితుల్ని వేధించకూడదు, బెదిరింపు కాల్సు, పేరు చెప్పని కాల్సు చేయకూడదు. గడువు దాటిన బాకీ కోసం పొద్దున 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులో మళ్లీ చెప్పారు. ఏజెంటు చేసిన పనికి బాధ్యత బ్యాంకుదే. "వాడు బయటి ఏజెన్సీ మనిషండీ" అన్న జవాబు చెల్లదు. మీ షావుకారు ఫోన్లో ఆ కాల్ లాగ్ ఉంటుంది. నామోషీ అనుకోకుండా స్క్రీన్‌షాట్ అడిగి తీసుకోండి, నంబరు, తేదీ, టైము కనపడేలా. ఆ నెల లేటు ఫీజు కూడా చూసుకోండి. గడువు దాటి మూడు రోజులు మించితేనే అది వేయాలి. మీది వారం కాబట్టి వేస్తారు. కానీ గడువు తర్వాత మిగిలిన బాకీ మీదే వేయాలి, బిల్లు మొత్తం మీద కాదు.

ఇవన్నీ ఒకే మెయిల్లో కలిపి రాయకండి, రెండు కార్డులకి రెండు వేర్వేరు ఫిర్యాదులు పెట్టండి. కోపం, కష్టాలు, ఇంటి పరిస్థితి ఏమీ రాయొద్దు. నేను తొమ్మిదేళ్లు అలాంటివి చదివాను. నిజం చెప్పాలంటే మూడో పేరాకే కళ్లు తేదీ కోసం వెతుకుతాయి. రెండో కార్డుకి ఈ మాత్రం చాలు, ఇంగ్లీషులో పెట్టుకోండి:

"చివరి నాలుగంకెలు ఫలానా ఉన్న నా కార్డు ఖాతా మూసేయమని ఏప్రిల్ 4న మెయిల్ పంపాను, ప్రతి జతచేశాను. ఆ రోజుకి బాకీ లేదు, స్టేట్‌మెంటు జతచేశాను. ఏడు పనిదినాల గడువు దాటినా మూయలేదు. వెంటనే మూసి, మూసినట్టు లిఖితపూర్వకంగా తెలపండి. తర్వాత వేసిన వార్షిక ఫీజు రద్దు చేయండి. రిజర్వు బ్యాంకు కార్డుల మాస్టర్ డైరెక్షన్ ప్రకారం ఏప్రిల్ 21 నుంచి మూసే రోజు వరకు రోజుకు 500 రూపాయల చొప్పున నా ఖాతాలో జమ చేయండి."

ఆ చివరి వాక్యం రాయకపోతే ఆ డబ్బు రాదు. మూసేస్తారు, సారీ చెప్తారు, ఫీజు తీసేస్తారు, 500 ఊసెత్తరు. ఇచ్చి తీరాలని రూలున్నా, తమంతట తాము లెక్కకట్టి జమచేసిన కేసు నేనింతవరకు ఒక్కటి కూడా చూడలేదు. మన రూల్లో నాకు కనపడే పెద్ద లోటు ఇదే. హక్కు అడిగినవాడికే దక్కుతుంది, అడగాలని తెలిసినవాళ్లు నూటికి పదిమంది కూడా ఉండరని నా అనుభవం.

ఫిర్యాదు నంబరు వచ్చాక 30 రోజులు ఆగండి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు ఆంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి, ఆన్‌లైన్లో పెట్టొచ్చు. పైసా ఖర్చు లేదు, ప్లీడరు అక్కర్లేదు. 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు. 30 రోజులు కాకముందే తొందరపడి పెడితే తిప్పికొడతారు, చాలామంది అక్కడే విసిగి వదిలేస్తారు. వినియోగదారుల కమిషన్ కూడా ఉంది. 2019 చట్టం ప్రకారం బ్యాంకు హెడ్డాఫీసు ఎక్కడున్నా మీరుండే గుంటూరులోనే వేసుకోవచ్చు. వడ్డీ రేటు మీద కాదు, మూయకపోవడం, అడగని ఇన్సూరెన్స్, రికవరీ వేధింపు లాంటి సేవాలోపాల మీద. రెండు చోట్లా ఒకేసారి మాత్రం వేయకండి, కమిషన్లో కేసుంటే ఆంబుడ్స్‌మన్ తీసుకోరు. నా సలహా ముందు ఆంబుడ్స్‌మనే.

ఇప్పుడు ఆ 60,000. దానికి ఏ రూలూ మిమ్మల్ని కాపాడదు, లెక్కే కాపాడాలి. ఒక నెల వడ్డీ 2,100, జీఎస్టీ 378, బిల్లు 62,478. అందులో ఐదు శాతం మినిమం అంటే 3,124 కడతారు. మిగిలింది 59,354. మూడు వేల నూట ఇరవై నాలుగు కడితే తగ్గింది ఆరొందల నలభై ఆరు! ఒక్క రూపాయి కూడా కొత్తగా గీకకుండా ఇలాగే ఏడాది కడితే మీ చేతిలోంచి పోయేది దాదాపు 35,300, బాకీ తగ్గేది 7,300. అసలు సగానికి రావడానికే ఐదేళ్ల పైన పడుతుంది. మీరేమో పట్నంబజార్లో టీ తాగినా ఆ కార్డునే యూపీఐలో పెట్టుకుని స్కాన్ చేస్తున్నారు. పాత బాకీ ఉన్నంతకాలం వడ్డీలేని గడువు ఉండదు. ఆ టీ తాగిన రోజు నుంచే దానికీ వడ్డీ నడుస్తుంది.

నాకు ఇష్టమైనది అన్నాను చూశారూ, అమెరికా చట్టంలో, అది ఈ లెక్కే. అక్కడ ప్రతి బిల్లు మీదా "మినిమం కడుతూ పోతే మీ బాకీ ఇన్నేళ్లకి తీరుతుంది, మొత్తం ఇంత కడతారు, మూడేళ్లలో తీర్చాలంటే నెలకి ఇంత కట్టండి" అని, ఆ మనిషి బాకీకే లెక్కగట్టి అంకెలు వేయాలి. మన బిల్లు మీద కూడా హెచ్చరిక ఉంటుంది, మినిమమే కడితే నెలలు, ఏళ్లు పడుతుందని. సిగరెట్ పెట్టె మీద బొమ్మలాగా అందరికీ అదే వాక్యం. అక్కడ అంకె ఉండుంటే మీరు ఏడాది క్రితమే ఉలిక్కిపడేవాళ్లు. పార్లమెంటులో రేపు ఎవరైనా కార్డుల బిల్లు పెడితే నేను కోరేవి రెండే, ఆ అంకె ఒకటి, అడగకుండానే 500 జమ కావడం ఒకటి. వడ్డీ పరిమితి గురించి నాకు అంత నమ్మకం లేదు. పరిమితి పెడితే మీలాంటి చిన్న జీతగాడికి కార్డు ఇవ్వడం మానేస్తారు. అప్పుడు మళ్లీ కాల్‌మనీ వాడి గుమ్మం ఎక్కాల్సిందే. ఈ మాట మీద నన్ను తిట్టేవాళ్లు ఇక్కడే చాలామంది ఉంటారు, పర్లేదు.

అందుకని ఈ వారం చేయాల్సినవి: ఆటోపే మినిమం మీద పెట్టి ఉంటే తీసేయండి. యూపీఐ నుంచి ఆ కార్డు తొలగించండి. ఇంట్లో బంగారం ఏదైనా ఉంటే బ్యాంకులో పెట్టి 60,000 తెచ్చి ఒక్క దెబ్బతో కట్టేయండి, అక్కడ రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది. ఆ బంగారాన్ని విడిపించడానికి నెలకి ఐదు వేలు చొప్పున కడితే ఏడాది దాటి కొద్ది నెలల్లో తీరిపోతుంది. బంగారం లేకపోతే బాకీని ఈఎంఐగా మార్చమనండి, కానీ ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ కలిపి ఎంతవుతుందో ముందే రాసిమ్మనండి. సగం కట్టు, సెటిల్ చేస్తాం అని రికవరీ వాడు అంటే ఒప్పుకోవద్దు. మీ క్రెడిట్ రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, రేపు ఇంటిలోనుకి వెళ్తే ఆ ఒక్క మాటే అడ్డంగా కూర్చుంటుంది.

ముందు ఏప్రిల్, మే స్టేట్‌మెంట్లు తీసి ఆ 38 ఉందో లేదో చూసి ఇక్కడ రాయండి. కార్డు నంబరు, ఫోన్ నంబరు కనపడకుండా కొట్టేసి మరీ పెట్టండి. పోయినసారి ఒకాయన ఆధార్‌తో సహా పెట్టేశాడు.